నేను తిన్న సుద్దముక్కలు

మా బడి ఆయమ్మ పోయిందని కార్డు వచ్చింది. కె.కోటపాడులో నేను పనిచేసే హైస్కూలు అడ్రసుకి, నా పేరు మీద. ఎనిమిదో తరగతి గుమ్మం దగ్గర పోస్టుమేన్ నా చేతిలో పెట్టి వెళ్ళాడు. "మా అమ్మ బేస్తవారం కాలం చేసింది. నోట్లో పుండు ముదిరిపోయింది. మీకు తెలియచెయ్యమని చెప్పింది." అంతే రాసి ఉంది. ఆయమ్మ కూతురు మూడో తరగతితో బడి మానేసిన మనిషి, ఎవరి చేతనో రాయించి ఉంటుంది. చావు కబురు కార్డు చదవగానే చింపి పారేస్తాం మా వైపు. నేను చింపలేదు. ఒక చేతిలో కార్డూ ఒక చేతిలో సుద్దముక్కా పట్టుకుని, బోర్డు మీద సగం రాసిన వాక్యం ముందు అలా నిలబడిపోయాను. పిల్లలు గుసగుసలాడారు.

నేను చదువుకున్న చోడవరం బడివాళ్ళు ఓ సంచిక వేస్తున్నారు. ఏదైనా రాయమని ఆరు నెలలుగా అడుగుతున్నారు. తీరిక లేదని తప్పించుకుంటూ వచ్చాను. ఇప్పుడు రాస్తున్నాను. ఇది చదివే మీలో చాలామందికి ఆవిడ గంట కొట్టే ఆయమ్మగా, కుండలో నీళ్ళు ముంచి పోసే ఆయమ్మగా గుర్తుంటుంది. ఇంకొంతమందికి మరోలా గుర్తుంటుంది. ఆఫీసు బీరువాలో సుద్దముక్కలు దొంగిలించి పిల్లకు తినబెట్టి పని పోగొట్టుకున్న ఆయమ్మగా. ఆ రెండోది అబద్ధం. ఆ పిల్లని నేనే. ఆ అబద్ధం పదిహేనేళ్ళు నిలబడింది నా వల్ల. అందుకే ఇది రాయడం.

ఆయమ్మది దేవరాపల్లి వైపు పల్లె. భర్త పోయాక కూతుర్ని చంకనేసుకుని చోడవరం వచ్చింది. బడిలో కంటింజెంటు కింద పని, అంటే ఖాయం కాని ఉద్యోగం. పొట్టి మనిషి, నల్లటి మొహం, చెవులకి రాగి పోగులు. గొంతు మాత్రం మైకు అక్కర్లేని గొంతు. చుట్ట కాల్చేది, అదీ నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. అడ్డపొగ అంటాం. మా వైపు పల్లెల్లో ఆడవాళ్ళకి అదేమీ వింత కాదు. నోరు మూసుకునే ఉంటుంది, ముక్కులోంచి పొగ వస్తుంది. చిన్నప్పుడు మేము బడి వెనక గోడ దగ్గర నించుని నిప్పు నాలిక్కి తగలదా అని తెగ ఆశ్చర్యపోయేవాళ్ళం.

ఆవిడకి ఓ విచిత్రమైన అలవాటుండేది. పిల్లల నోళ్ళు చూడటం. నీళ్ళు పోస్తూ పోస్తూ ఎవరి మొహమైనా వాడినట్టు అనిపిస్తే చాలు, చెంబు కింద పెట్టి, గడ్డం పట్టుకుని బొటనవేలితో కింది పెదవి కిందికి లాగేది. "నోరు తెరు. ఇంకా తెరు. దూడ కూడా నీకన్నా బాగా తెరుస్తాది" అనేది. ఆవిడ తండ్రి వడ్డాది సంతలో పశువుల బేరాలు చేసేవాడట. పళ్ళూ చిగుళ్ళూ చూసి పశువు ఆరోగ్యం చెప్పేవాడట. "ఏటే అమ్మీ, మీ టీచర్లు నోట్సులు సూత్తారు. నోళ్ళు ఎవులు సూత్తారు మరి?" అని నవ్వేది. పుచ్చిన పన్ను, వాచిన చిగురు, కొరుక్కున్న బుగ్గ ఆవిడే ముందు పట్టేది. మేము ముఖాలు చిట్లించుకునేవాళ్ళం, చుట్ట కంపు కదా. కానీ తప్పించుకున్నవాళ్ళు లేరు.

నాకు ఆరో తరగతి నుంచి నోటిపూత మొదలైంది. కింది పెదవి లోపల, నాలిక అంచున, బుగ్గల్లో చిన్న చిన్న పుళ్ళు. మధ్యలో తెల్లగా, చుట్టూ ఎర్రగా ఉండేవి. ఓ పదిరోజులు చంపేసేవి. మజ్జిగన్నం కూడా మంటే. మానిపోయాయి అనుకుంటే మరో మూడు వారాలకి ఇంకోచోట వచ్చేవి. అమ్మ వేడి చేసిందనేది. సబ్జా నీళ్ళు, పటిక నీళ్ళు, వెన్నపూస, కొత్తిమీర రసం, ఏది ఎవరు చెబితే అది పట్టించింది. కంపౌండరు దగ్గర ఊదారంగు మందు పూయించింది. నోరంతా నేరేడుపళ్ళు తిన్నట్టయి బడిలో నవ్వులపాలయ్యాను తప్ప పుళ్ళు ఆగలేదు. మా నాయనమ్మ మాత్రం అన్నిటికీ ఒకే కారణం చెప్పేది. "అబద్ధాలాడితే వస్తాయే అవి. ఏం ఆడేవో నువ్వే చూసుకో."

ఆ మాట నన్ను పట్టుకుంది. ఎందుకంటే నేను నిజంగానే అబద్ధాలాడుతున్నాను.

నాకు సుద్ద తినే అలవాటుండేది. పలకల క్లాసుల్లో ఉన్నన్నాళ్ళూ బలపాలు తిన్నాను. అందరూ ఓ ముక్క కొరుకుతారు, నేను మొత్తం తినేసేదాన్ని. హైస్కూలుకొచ్చాక పలక పోయింది, ఇంట్లో బలపాలు కొనడం ఆగిపోయింది. నాలిక మాత్రం పీకుతూనే ఉంది. వానకి తడిసిన మట్టిగోడ దగ్గరికి వెళితే నోట్లో నీళ్ళూరేవి. డబ్బాలో బియ్యం గుప్పెడు నోట్లో పోసుకునేదాన్ని. క్లాసు లీడర్ని కావడంతో రోజూ పొద్దున్న ఆఫీసుగదిలో బీరువా నుంచి సుద్దముక్కలు తెచ్చే పని నాదే. రెండు తెమ్మంటే అయిదు తీసేదాన్ని. మూడు లంగా కుచ్చిళ్ళలోకి వెళ్ళేవి. నీళ్ళ కుండల వెనక నించుని కరకరా నమిలేదాన్ని. పుళ్ళ మీద ఆ పొడి పడితే కళ్ళంట నీళ్ళు తిరిగేవి, అయినా తినేదాన్ని. తిన్నాక కడుపులో చల్లగా ఉండేది, ఆ తరవాత నా మీద నాకే అసహ్యం వేసేది. ఆ రెండూ నాకు ఇప్పటికీ గుర్తే.

అబద్ధాలకి శిక్షగా పుళ్ళొస్తున్నాయని గట్టిగా నమ్మాను. అందుకని వచ్చినప్పుడల్లా దాచిపెట్టడం నేర్చుకున్నాను. తల వంచుకుని తినడం, తక్కువ మాట్లాడటం. అమ్మ అడిగితే లేవనేదాన్ని, అంటే ఇంకో అబద్ధం. నంగనాచి అనే మాట నాలాంటివాళ్ళ కోసమే పుట్టి ఉంటుంది.

ఆయమ్మ దగ్గర ఇవేమీ సాగలేదు. ఓ రోజు నీళ్ళ దగ్గర నా గడ్డం పట్టుకుంది.

"ఇయ్యి పోయిన అమాసకి ముందు కూడా వచ్చేయి కాదేటి?"

"లేదు ఆయమ్మా."

"నేదేటి? నాను సూసేను. అప్పుడు ఎడమేపు, ఇప్పుడు కుడేపు." తరవాత నా కంటి కింది రెప్ప లాగి చూసింది. నా గోళ్ళు తిప్పి చూసింది. "రగతం నేదే నీకు. గంజి గుడ్డలాగున్నావు." అప్పుడు నా పెదవి మూల తన కొంగుతో తుడిచి ఆ కొంగు నాకు చూపించింది. తెల్లగా సుద్ద అంటుకుంది.

"నేను తినలేదు" అన్నాను, ఆవిడ అడగకుండానే.

ఆవిడ కోప్పడలేదు. కొంగు దులుపుకుని, "నోరు పీకితే నాకాడికి రా. బెల్లం ముక్క ఎడతాను" అంది. ఆ రోజు నుంచి గంట కింద డబ్బాలో నాకోసం బెల్లం, వేయించిన వేరుశనగ గింజలు ఉంచేది. నేను బెల్లమూ తిన్నాను, సుద్దా తిన్నాను. ఇంతకన్నా ఏం చెప్పను. సుద్దముక్కలు త్వరగా అయిపోతున్నాయని పెద్ద టీచరమ్మ గారు నిలదీస్తే, "ఎలకలు కొట్టేత్తన్నాయమ్మా" అని చెప్పింది ఆయమ్మ. నేను పక్కనే ఉన్నాను, రిజిస్టరు పట్టుకుని.

నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళమని మా ఇంటికి మూడుసార్లు వచ్చింది. మా నాన్నగారు తాలూకా ఆఫీసులో గుమాస్తా. అచ్చమైన నిజాయితీపరుడు. అదే మా ఇంట్లో భయం కూడా. పక్కింటి పెరట్లో జామకాయ కోసుకొచ్చాడని అన్నయ్యని వీధిలో నిలబెట్టి, ఆ కాయ వాళ్ళకి తిరిగి ఇప్పించి, రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. అలాంటి మనిషి గుమ్మంలో ఆయమ్మ కూర్చుని, "బాబూ, మీ గుంటకి నోరు ఊరికినే పూయడం నేదు. రగతం నేదు. డాటరు బాబుకి సూపించండి" అని పట్టు పట్టింది. "నోటిపూతకి ఆసుపత్రేమిటి" అని నాన్నగారు రెండుసార్లు తోసేశారు. మూడోసారి శనివారం ఒప్పుకున్నారు. ఆవిడ కూడా వచ్చింది. ఎవరో రమ్మన్నారని కాదు, నా చెయ్యి పట్టుకుని నడిచేసింది.

డాక్టరుగారు కొత్తగా వచ్చినాయన, మెల్లగా మాట్లాడేవారు. టార్చిలైటు వేసి నోరంతా చూశారు. గరుకు పన్ను ఏదైనా బుగ్గకి తగులుతోందేమో అని అద్దం పెట్టి వెతికారు. ఎన్నాళ్ళుంటాయి, ఎన్నాళ్ళకి మళ్ళీ వస్తాయి, జ్వరం వస్తుందా, కళ్ళు ఎర్రబడతాయా, ఒంటి మీద ఇంకెక్కడైనా పుళ్ళున్నాయా, విరోచనాలా, ఇంట్లో ఎవరికైనా ఉండేవా అని వరసగా అడిగారు. చిన్నప్పుడు తనకీ వచ్చేవని నాన్నగారు అప్పుడు చెప్పారు. నేను మొదటిసారి విన్నాను ఆ సంగతి. వేలు గుచ్చి రక్తం బొట్టు తీసి పరీక్ష చేయించారు. రంగు చూసి పెదవి విరిచారు.

"ఇవి అంటుకునేవి కావు. వేడివల్ల వచ్చేవీ కావు" అన్నారు నాన్నగారితో. "కొందరికి ఇంట్లోనే ఆ తత్వం ఉంటుంది. బుగ్గ కొరుక్కున్నా, నిద్ర లేకపోయినా, పరీక్షల దిగులున్నా పైకొస్తాయి. కానీ ఈ అమ్మాయికి రక్తం బాగా తక్కువగా ఉంది. అదే కారణమై ఉండొచ్చు. రక్తం ఎందుకు తగ్గిందో తెలియాలి." నా వైపు వంగి, "మట్టి తింటావా పాపా? బలపాలూ, బియ్యం, సుద్దా? రక్తం తక్కువున్నవాళ్ళకి అలా తినాలనిపిస్తుంది. తప్పేం కాదు, చెప్పు" అన్నారు.

తప్పేం కాదని ఆయన అన్నారు. పక్కన నాన్నగారు ఉన్నారు.

"లేదండీ" అన్నాను.

మళ్ళీ అడిగారు. లేదండీ. మూడోసారి అడిగారు. నేను నేల చూస్తూ తల అడ్డంగా ఊపాను. ఆయన నిట్టూర్చి కాగితం దగ్గరికి లాక్కుని, "సరే, బి కాంప్లెక్సు రాస్తాను, చూద్దాం" అన్నారు.

అప్పుడు గుమ్మం దగ్గర నుంచి ఆయమ్మ గొంతు వినిపించింది.

"తింతాది బాబూ. సుద్ద తింతాది. రోజూ తింతాది. రెండేళ్ళబట్టి."

నాన్నగారు కుర్చీలో ముందుకు జరిగారు. "సుద్దా? ఎక్కడిది?"

ఆయమ్మ నా వైపు చూడలేదు. నాన్నగారి మొహంలోకే చూసింది.

"నానే ఇత్తన్నాను. బడి బీరువాలోంచి తీసి నానే ఎడతన్నాను. గుంట ఏడుత్తాదని."

డాక్టరుగారు రాస్తున్న కాగితం పక్కన పెట్టి కొత్త కాగితం తీసుకున్నారు. ఆయనకి కావలసింది దొరికింది. ఐరను మాత్రలు, పురుగుల మందు, దాంతోపాటు బి కాంప్లెక్సు. చెప్పుల్లేకుండా పొలం గట్ల మీద తిరగొద్దన్నారు. మాత్ర వేసుకున్నాక టీ తాగొద్దన్నారు. తోటకూర, చోళ్ళు, అదే రాగులు, బెల్లం పెట్టమన్నారు. పుళ్ళున్నప్పుడు ఉప్పునీళ్ళు పుక్కిలించి, కారం మానేస్తే చాలని, రంగుమందులు అక్కర్లేదని చెప్పారు. చివర్లో ఒక మాట అన్నారు. "వచ్చి పదిరోజుల్లో పోయే పుళ్ళకి భయపడక్కర్లేదు. మూడు వారాలు దాటినా మానని పుండు ఒక్కటి ఉన్నా వెంటనే రావాలి." అంటూ ఆయమ్మ వైపు తిరిగి, "నువ్వు అడ్డపొగ తాగుతావు కదూ. ఇలా రా, అంగిలి చూపించు" అన్నారు. ఆవిడ సిగ్గుపడింది, అయినా చూపించింది. అంగిలంతా మచ్చలున్నాయని, చుట్ట మానెయ్యమని, ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోమని చెప్పారు. "అలాగే బాబూ" అంది.

బయటికొచ్చాక నాన్నగారు ఆవిడతో మాట్లాడలేదు. నాతో ఎంతో ప్రేమగా మాట్లాడారు. నాకు అదే ఎక్కువ బాధేసింది.

సోమవారం నాన్నగారు ఆయమ్మ మీద బడికి అర్జీ రాశారు. ఆయన చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. పెద్ద టీచరమ్మ గారు నన్ను ఆఫీసుగదిలోకి పిలిచారు. ఆయమ్మ గుమ్మం పక్కన గంట కొట్టే కర్ర పట్టుకుని నించుంది.

"ఆయమ్మేనా నీకు సుద్ద ఇచ్చింది?"

నాకు అప్పుడు పన్నెండేళ్ళు. పన్నెండేళ్ళ పిల్లకేం తెలుసు అని మీరు అనుకోవచ్చు. నేను కూడా చాలాసార్లు అనుకుని చూశాను, లాభం లేకపోయింది. నాకన్నీ తెలుసు. ఆ ఏడే ఆవిడ పని పర్మనెంటు కావాలని కాగితాలు కదులుతున్నాయని తెలుసు. ఎలకల అబద్ధం ఇప్పుడు ఆవిడ మెడకే చుట్టుకుంటుందని తెలుసు. నేను ఒక్కమాట చెబితే ఆగిపోతుందనీ తెలుసు.

"అవునండీ" అన్నాను.

"ఇంకోసారి చెప్పు."

"ఇంక గుంటని ఒగ్గీండమ్మా" అంది ఆయమ్మ. "నాను ఒప్పుకున్నాను కదా." కర్రని గోడకి ఆనించి, కొంగు బిగించుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు వేరే మనిషి గంట కొట్టాడు. కొట్టడం రాక రెండు గంటలు ఎక్కువ కొట్టాడు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను.

మాత్రలు పనిచేశాయి. మూడు నెలలు తిరక్కుండా బుగ్గల్లో రంగొచ్చింది. సుద్ద మీద మనసు దానంతటదే పోయింది. ఏ అమావాస్యకి చూసుకున్నా నోరు శుభ్రంగా ఉండేది. ఆవకాయ కలుపుకుని తిన్న రోజున అమ్మ ఆయమ్మనే తలుచుకుంది. "చేసింది దొంగపనే గానీ, ఆసుపత్రికి తీసుకెళ్ళమని పట్టుపట్టింది అదే పాపం." నేను ముద్ద మింగేశాను. అబద్ధాలవల్ల పుళ్ళొస్తాయన్న నాయనమ్మ మాట తప్పని అలా తేలిపోయింది. నా నోట్లో అంత పెద్ద అబద్ధం ఉంది, ఒక్క పుండూ లేదు.

ఆయమ్మ బస్టాండు దగ్గర ఉడకబెట్టిన చిలగడదుంపలు అమ్ముకుంటూ బతికింది. నేను కాలేజీకి అనకాపల్లి బస్సెక్కేది అక్కడే. నన్ను చూస్తే చాలు, గంపవెనక నుంచి, "ఒసే అమ్మీ! నోరు తెరు, సూడనీ" అని కేకేసేది. స్నేహితురాళ్ళ ముందు నాకు తల కొట్టేసినట్టుండేది. రెండుసార్లు వినపడనట్టు బస్సెక్కేశాను. మూడోసారి పరీక్షల ముందు, నాలిక కింద రెండు పుళ్ళతో నేనే వెళ్ళాను. చూసి, "పరీచ్చలేటి? నిద్దరోతన్నావా నేదా? ఇయ్యి దిగులు పుళ్ళు. పది రోజుల్లో పోతాయి. ఉప్పునీల్లు పుక్కిలించు" అని ఓ దుంప చేతిలో పెట్టింది. డాక్టరుగారి మాటలు ఒక్కటీ మర్చిపోలేదు ఆవిడ.

టీచరు ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి ఆవిడ పాకకి వెళ్ళాను. ఈసారి చెప్పి తీరాలనుకున్నాను, తప్పు నాది, నాన్నగారికి చెబుతాను అని. ఆవిడ వినగానే పకపకా నవ్వింది. "మళ్ళీ సుద్ద నీ సేతికే ఇచ్చేరేటి! తినీకు మరి." నేనూ నవ్వాను. దారి ఆవిడే తెరిచి ఇచ్చింది. నేను అందులోంచి వెళ్ళకుండా, "ఆరు నెలలకోసారి చూపించుకుంటున్నావా ఆయమ్మా?" అని అడిగాను, పెద్దదాన్నయిపోయినట్టు.

ఆవిడ నవ్వు ఆపింది. "నేదమ్మీ. ఆ డాటరు బాబు ముందు దొంగనయ్యేను. మళ్ళీ ఏ మొకం ఎట్టుకుని ఎల్తాను?"

"ఆయన ఎప్పుడో బదిలీ అయిపోయారు."

"ఆసుపత్రి బదిలీ అవనేదు కదా" అంది.

ఆఖరుసారి చూసింది పోయిన వానాకాలంలో. బస్టాండులో కనిపించకపోతే పాకకి వెళ్ళాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ముందు చల్లారిన గంజి. మాట ముద్దగా వస్తోంది. పన్ను నొప్పి అంది. ఎన్నాళ్ళ నుంచి అంటే మొన్నటి నుంచే అంది. నన్ను మాత్రం దగ్గరికి రమ్మని బొటనవేలితో పెదవి లాగి చూసింది. "బావున్నాది" అంది. మూడు వారాల మాట నాకు తెలుసు. ఆ గదిలో విన్న ముగ్గురిలో నేనొకదాన్ని. ఆవిడ కొంగు తీసి చూపించమని అడగలేదు. అడిగితే ఆసుపత్రి మాట వస్తుంది, ఆసుపత్రి మాట వస్తే ఆ శనివారం వస్తుంది. బస్సుకి వేళవుతోందన్నాను. నిజంగానే అవుతోంది. ఇంకో బస్సు కూడా ఉంది.

కార్డు అందిన మర్నాడు వెళ్ళాను. ఆయమ్మ కూతురు వాకిట్లో బూడిదతో గిన్నెలు తోముతోంది. నాకన్నా రెండేళ్ళు పెద్ద. నించునే చెప్పేశాను అంతా, లంగా కుచ్చిళ్ళ దగ్గర నుంచి 'అవునండీ' దాకా. తోముతున్న చేతులు ఆగాయి.

"మాయమ్మ ఇవ్వనేదా నీకు?"

"లేదు. నేనే దొంగిలించాను."

"నాకెప్పుడూ సెప్పనేదు. ఎన్నిసార్లడిగినా నానే ఇచ్చేనే అనీది." గిన్నె వంక చూస్తూ అంది. "నాకు ఓ బలపం ముక్క ముట్టనిచ్చీది కాదు. పరాయి గుంటకి దొంగతనం సేసి ఎట్టిందని ఇన్నేళ్ళూ కోపం ఎట్టుకున్నాను మాయమ్మ మీద. ఎన్ని మాటలన్నానో." తలెత్తింది. "తప్పు నాదని మాయమ్మకి ఎప్పుడేనా సెప్పేవా?"

"లేదు."

తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టింది. సంచిక అచ్చయ్యాక నేనే తీసికెళ్ళి నాన్నగారి చేతిలో పెడతాను. ఆయన రిటైరయ్యారు, ఇంకా ప్రతి అక్షరమూ చదువుతారు. మాట్లాడటం మానేస్తే మానెయ్యనివ్వండి. జామకాయకి అన్నయ్యతో రెండు రోజులు మాట్లాడలేదు, నాకు ఎన్నాళ్ళు పడుతుందో చూస్తాను.

నేను వచ్చేస్తుంటే ఆయమ్మ కూతురే వెనక నుంచి మాట్లాడింది, నాతో కాదు, గిన్నెలతో చెబుతున్నట్టు.

"సివర్లో రోజూ పొద్దున్న ఎండ పడ్డాక, ఇదిగో ఈ గుమ్మంలో కూకునీది. సేతిలో అద్దం ముక్క. నోరు తెరుసుకుని, తల ఎనక్కి వంచి, అంగిలి సూసుకుందామని. ఆ అద్దంలో అది అవుపడదు. 'నాకు అవుపడ్డం నేదే, నువ్వు సూడు' అనీది. నాకు బయ్యమేసి సూడనేదు. అద్దం ఇటు తిప్పి అటు తిప్పి, నీడొచ్చీదాకా అలాగే కూకునీది."